ఆఱు జంటల చిరునామా: టీకా తాత్పర్యములు

మూలము (ద్విపద)

ఆఱు జంటలె కావె యడ్డగీటైన
మాఱునే చుక్కలు మధ్యలో నున్న

అవతారిక: నరసరావుపేటలో ఇంటింటికి ఇంటర్నెట్టు నిచ్చు కేబులు ఆఫీసువారొకరు, తమ చందాదారుల పట్టికను పెట్టెలు పంపిన కంపెనీ పట్టికతో సరిచూడుమని నాకప్పగింపగా, పెట్టెల మ్యాక్ అడ్రసులను పోల్చు పది వరుసల పైథాన్ స్క్రిప్టు వ్రాసి నడిపితిని. ఒక్క పెట్టెయు సరిపోలలేదని అది తేల్చినది. ఊరివారందఱును ఆ రాత్రి ఆ పెట్టెలతోడనే సినిమాలు చూచుచుండిరి. ఈ పద్యమాపరాభవమున పుట్టినది. పల్నాటి వీరచరిత్రమును శ్రీనాథుడు ద్విపదలో చెప్పినాడు గనుక, ఈ సీమ తగవునకు వేఱు ఛందస్సు వెదకుట అనవసరమని కవి, అనగా నేను, తలచెను.

ప్రతిపదార్థము: ఆఱు జంటలె = మ్యాక్ అడ్రసునందలి ఆఱు అష్టకములే, అనగా 48 బిట్లే; కావె = కావా యేమి; అడ్డగీటైన = విండోసు వాడుకను బట్టి నడుమ అడ్డగీటున్నను; చుక్కలు = లినక్సువారి జంటచుక్కలు గాని, నాలుగేసి అక్షరములకొకటి చొప్పున సిస్కోవారు పెట్టు ఒంటిచుక్కలు గాని; మధ్యలో నున్న = నడుమ నిలిచినను; మాఱునే = వేఱగునా? కాదని భావము.

తాత్పర్యము: 02-15-30-44-07-61 అనియు, 02:15:30:44:07:61 అనియు, 0215.3044.0761 అనియు వ్రాసినది ఒక్క చిరునామాయే. వానిని ఉత్త అక్షరమాలలుగా పోల్చినచో యంత్రము వేషమునే చూచి వేఱనును. ఆ వీరచరిత్రమున అలుగురాజు కొడుకులే యయ్యు నలగాముడు గురజాలను, మలిదేవుడు మాచర్లను పట్టి కారెంపూడిలో కలహించినట్లు, ఒకే పెట్టె రెండు పట్టికలలో దాయాదియై నిలుచును. నెట్‌అడ్డర్ అను పైథాన్ లైబ్రరీలోని ఇయుఐ అను డేటా రకముగా మార్చి పోల్చితిమా, లోని సంఖ్యయే మాటాడును. ఫాల్స్ అన్న నోటనే ట్రూ వెలువడును.

విశేషములు: తెలుగువారి పేర్లవలెనే ఇచ్చట ఇంటిపేరు ముందుండును. మొదటి మూడు జంటలు తయారీదారునకు ఐఈఈఈ అను సంస్థ ఇచ్చినవి. తక్కినవి ఆ తయారీదారు పెట్టెపెట్టెకును పెట్టుకొను పేర్లు. ఉదాహరణమును 02తో మొదలిడుటలో ఔచిత్యము గలదు: ఆ జంటలో వెలిగిన బిట్టు, ఇది ఐఈఈఈ ఇచ్చిన పేరు గాదు, స్థలమున పెట్టుకొన్న మాఱుపేరని చెప్పును, కావున ఏ కంపెనీ ఇంటిపేరునకును ఈ వ్యాఖ్య తగులదు. మన చేతిఫోనులు వైఫైలకు చూపు మాఱుపేళ్లును ఈ జాతివే.

వేషభేదములకు ఆ లైబ్రరీవారు పెట్టిన పేరు డయలెక్టు, అనగా మాండలికము. మ్యాక్ యూనిక్స్ అను మాండలికము ముందటి సున్నను మ్రింగి 2:15:30:44:7:61 అని పలుకును. సున్న నిలువవలెనన్నచో మ్యాక్ యూనిక్స్ ఎక్స్‌పాండెడ్ అను మాండలికమును కోరవలెను. సున్నను మ్రింగినంత మాత్రమున విలువ మాఱదు గాని, ఆ పలుకును మరల అక్షరమాలగా పోల్చువాడు మొదటికి వచ్చును.

బ్రహ్మనాయుడు సర్వజాతులను ఒక్క చాపపై కూర్చుండబెట్టి చాపకూడు పెట్టెనని పల్నాట ప్రసిద్ధి. ఈ డేటా రకము చేయునదియు నదియే. అయిన నిచ్చట కూర్చుండుటకు వేషము తక్క సర్వమును పరీక్షకు నిలువవలెను: మ్యాక్ అడ్రసైనచో జంటలాఱుండవలెను, అక్షరము ఎఫ్ దాటరాదు.

ఫలశ్రుతి: నా పట్టికలు రెండును మఱునాడు సరిపోయినవి, ఒక్క వరుస తక్క. అచ్చట యంత్రము దోషమని మొరాయించినది. కన్ను చికిలించి చూడగా, గుమాస్తా సున్నకు బదులు ఆంగ్లపు ఓ అక్షరమును కొట్టియుండెను. అక్షరమాలయైనచో దానిని నెలలతరబడి మోసియుండెడిది.