కెల్విన్‌గ్రోవ్ స్పిట్‌ఫైరు స్వీయచరిత్ర

గ్లాస్గో నగరమందలి కెల్విన్‌గ్రోవ్ ప్రదర్శనశాలలో, సర్ రోజర్ అను పేరుగల ఏనుగునకు ఎగువన ఉక్కుత్రాళ్లచే వ్రేలాడుచు, బాలబాలికల ఆశ్చర్యమునకు పాత్రమగుచున్న స్పిట్‌ఫైరు యుద్ధవిమానమును నేను. ఎల్‌ఏ 198 నా సంఖ్య. ఇరువదియొకటవ శ్రేణికి చెందినదానను. ఐదు రేకుల పంకాను త్రిప్పు గ్రిఫాన్ యంత్రము నా బలము. అయినను నా వంశచరిత్ర నాకంటె పూర్వమే, నన్ను నడపిన 602వ దళముతో మొదలగును.

1925 సెప్టెంబరు 12వ తేదీన రెన్‌ఫ్రూలో నెలకొల్పబడిన ఆ దళము బ్రిటిషు సహాయక వైమానిక సేనలో మొట్టమొదటిది. వారమంతయు సేద్యమో, వ్యాపారమో, న్యాయవాదమో సాగించుకొని, వారాంతమున గగనవిద్య నభ్యసించిన ఆ పౌరసైనికులకు తొలినాళ్లలో దక్కినవి డి.హెచ్. 9ఎ, ఫాన్, వాపిటీ, హార్ట్ మొదలగు రెండంతస్తుల రెక్కల బాంబరులే. ఆ దళాధిపతి క్లైడ్స్‌డేల్ ప్రభువును, సహచరుడు మెకింటైరును 1933 ఏప్రిల్ 3న భారతదేశమందలి పూర్ణియా చెంతనుండి రెండు వెస్ట్‌లాండ్ విమానములలో ఎగసి, ఎవరెస్టు శిఖరముమీదుగా మానవులలో ప్రప్రథమముగా పయనించిరనుట తలచుకొనినప్పుడెల్ల నా లోహదేహము పులకించును.

1939 మే మాసమున, సహాయక దళములన్నింటికంటె ముందుగా, నా జ్యేష్ఠసోదరులగు స్పిట్‌ఫైరులు ఈ దళమును చేరినవి. ఆ యేడు అక్టోబరు 16న జర్మను బాంబరులు ఫోర్త్ సాగరశాఖయందలి యుద్ధనౌకలపై విరుచుకొనిపడగా, కర్షకుడగు పింకర్టనును, గోడలకు సున్నపుపూత పూయు వృత్తిలో పెరిగిన మెకెల్లరును ఒక యుంకర్సు బాంబరును వెన్నాడి సముద్రమున కూల్చిరి. సెలవుదినముల సైనికులని వీరిని చులకన చేసినవారికి అంతకు మించిన సమాధానము వేరొకటి యుండదని నా దృఢవిశ్వాసము. మరుసటి యేడు ఆగస్టునుండి బ్రిటను సంగ్రామమున వెస్ట్‌హాంప్‌నెట్ స్థావరమునుండి ఈ దళము చేసిన పోరాటము జగద్విదితము.

యుద్ధానంతరము 1946లో అబట్సించ్‌నందు దళము పునరుద్ధరింపబడగా, పంకాతో నడచు స్పిట్‌ఫైరుల కడపటి తరములలోని నేను దాని సేవ చేసితిని. 1951లో వాంపైరు జెట్లు వచ్చినవి. 1957 మార్చిలో సహాయక దళములన్నియు రద్దుకాగా, అన్నింటికంటె ముందు పుట్టిన ఈ దళమును వానితోపాటు పోయెను. పౌరుల స్వచ్ఛందసేవకు అది తగిన ప్రతిఫలమని నేనెన్నడును ఒప్పుకొనజాలను. 2006లో 602 సంఖ్యతో గ్లాస్గోలో రిజర్వు దళము మరల వెలసెను. దానికి విమానములు లేవు. తమ వృత్తులనుండి తీరిక చేసికొని వచ్చు పౌరులు మాత్రము కలరు.