బ్రెడ్ అంటే రొట్టె కాదు

మారిషస్‌లో మూడు రోజులు రిసార్టులో గడిపాం. సముద్రం నీలంగానే ఉంది, ఇసుక తెల్లగానే ఉంది. మూడో పొద్దున బుట్టెడు రొట్టెల ముందు కూర్చుని మా ఆవిడ, "ఏమండీ, ఈ దేశంలో మామూలు మనుషులు లేరా?" అంది. నిజమే. అప్పటిదాకా మాకు కనబడినవాళ్లంతా యూనిఫాంలోనే ఉన్నారు.

ఆదివారం కదా అని బెల్ మార్‌లో బస్సెక్కి ఫ్లాక్ సంతలో దిగాం. ముందు డాల్ పూరీ. ఉడికిన పప్పుపొడి కూరి పల్చగా ఒత్తిన రొట్టె. బెల్లం వెయ్యడం మరిచిపోయిన బొబ్బట్టనుకోండి. జంటగానే అమ్ముతారు. షుగరుంది, ఒకటి చాలని వేలు చూపించాను. రెండిచ్చాడు. దేవుడి ఇష్టమని తినేశాను.

కూరలమ్మే ఆమె "బ్రెడ్ మురుమ్!" అని ఆకుల కట్ట ఊపింది. "సంతలోనూ బ్రెడ్డేనా?" అని మా ఆవిడ ఉసూరుమంది. తీరా చూస్తే మునగాకు! వాళ్ల క్రియోల్‌లో ఆకుకూర ఏదైనా బ్రెడ్డేనట. పక్కనే పిపంగాయ్, అంటే మన బీరకాయ. తమిళుల పీర్కంగాయ్ ఓడ దిగేసరికి అలా అయింది. 1834 నుంచి చెరకుతోటల కూలికి వచ్చిన మనవాళ్లకూ అదే గతి. కాకినాడ పక్క కోరంగి రేవు పేరు మీద తెలుగువాళ్లంతా "కోరంగీలు" అయిపోయారు. మనుషులకే దిక్కులేనప్పుడు బీరకాయెంత?

పక్కనున్న పెద్దాయన ఏ ఊరని ఇంగ్లీషులో అడిగాడు. వైజాగన్నాను. తెల్లమొహం వేశాడు. సింహాచలం అన్నాను. అంతే, "అప్పన్నా!" అని లెంపలేసుకుని, టమాటాల మధ్య నిలబడి తెలుగు భజన ఎత్తుకున్నాడు. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. చరణం నన్నందుకోమని ఆగాడు. కొండ కిందే పుట్టి పెరిగిన నేను దగ్గాను. ఆ సిగ్గు కప్పుకోడానికి "భోంచేశారా?" అనడిగాను. అది ఆయనకు అర్థం కాలేదు. దేవుడితో మాట్లాడే తెలుగు ఆయన దగ్గరుంది, ఆటోవాడితో బేరమాడే తెలుగు నా దగ్గరుంది.

ఈలోగా మా ఆవిడ రెండు కట్టల మునగాకు కొనేసింది.

"వండేదెక్కడ?"

"ఏమో. చూస్తూ చూస్తూ ఎలా వదిలేస్తాను?"

రిసార్టులో అడుగు పెట్టగానే, మూడు రోజులుగా "మేడమ్" తప్ప మరో మాట ఎరగని అమ్మాయి, "బ్రెడ్ మురుమ్!" అని పకపకా నవ్వి కట్టలు లాక్కుపోయింది. రాత్రి గదికి గిన్నెడు ఆకుకూర చారు వచ్చింది. బుయోన్ బ్రెడ్ అంటారట.

మా ఆవిడ ఒక చెంచా నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది. "బాగుంది. ఎండుమిర్చి తాలింపు పడాల్సింది," అంది.