అచ్చమైన టేకు మంచం: వర్ణన, వాపసు, వరండా

అంతర్జాలంలో అమ్మకానికి వచ్చే పాత మంచాలన్నీ టేకువే. మద్ది, వేప, మామిడి, తుమ్మ వంటి చెట్లు ఈ దేశంలో ఇంకా పెరుగుతున్నాయనడానికి ఆ ప్రకటనల్లో ఏ ఆధారమూ దొరకదు. పైగా ఆ మంచాలన్నీ ఆరు నెలలే వాడినవి, వాడినవారందరూ జాగ్రత్తపరులు, వారందరికీ ఉన్నట్టుండి బదిలీ అయింది, అందుచేత 18,000 రూపాయల సరుకును మనసొప్పకపోయినా 6,500కే వదులుకుంటున్నారు. ఫోటోలో మంచం మీద పువ్వుల దుప్పటి నేల దాకా జారి ఉంటుంది కనుక, కొనదలచినవారికి దుప్పటి గురించి సమగ్రమైన అవగాహన కలుగుతుంది. దుప్పటి అమ్మకానికి లేదు. ఇలాంటి మంచం విశాఖపట్నం నుంచి పార్సిల్ లారీలో సాలూరు చేరి, అది టేకు కాదని తేలిన తరువాత, ఇచ్చిన సొమ్మును వెనక్కి రాబట్టుకునే ప్రక్రియకు సంబంధించి తెలుగులో శాస్త్రగ్రంథమేదీ లేకపోవడం ఒక లోటు. బాధితుల సంఖ్య చూస్తే ఇది క్షమించరాని లోటు కూడా.

టేకు కాదని ఎలా తేలుతుందన్నది మొదటి ప్రశ్న. బరువును బట్టి చెప్పవచ్చునని పెద్దలు అంటారు కాని, పార్టికల్ బోర్డు, అంటే రంపపు పొట్టునూ చెక్క పేళ్లనూ రసాయనిక జిగురుతో కలిపి వేడి మీద అదిమి తయారుచేసే పలక, ఇంచుమించు టేకంత బరువూ తూగుతుంది; మేడ మీదికి మోసిన కళాసీలు కూడా దాన్ని టేకుగానే పరిగణించి కూలి అడుగుతారు. అసలు సాక్ష్యం తలవైపు పలక మీద ఉంటుంది. టేకు చారలను అచ్చువేసిన కాగితాన్ని ఆ పలకకు అతికిస్తారు కనుక, ఎడమవైపు కనిపించిన కన్నులాంటి ముడి జానెడు దూరంలో మళ్లీ కనిపిస్తుంది, మరో జానెడు దూరంలో మరోసారి కనిపిస్తుంది. ఏ చెట్టుకూ అంత క్రమశిక్షణ ఉండదు. అప్పటికీ అనుమానం తీరకపోతే, పట్టెను కోడుకు బిగించే మర ఊడదీసి చూడవచ్చు. బెజ్జంలోంచి సున్నిపిండిలా గోధుమరంగు పొడి రాలుతుంది. చేవ, అనగా చెట్టు నడుమ గట్టిపడిన భాగం, పొడిగా రాలడం వృక్షశాస్త్రంలో ఎక్కడా లేదు.

ఈ అమాయకత్వం మరే ఊళ్లోనైనా మన్నించదగినదే కాని, సాలూరులో దానికి సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. తూర్పు కనుమల అడుగున, వేగావతి ఒడ్డున, ఒడిశా ఘాట్ రోడ్డు ఎక్కబోయే చోట ఉన్న ఈ పట్టణం లారీల వల్ల పేరు తెచ్చుకున్నది. యజమానులు, డ్రైవర్లు, క్లీనర్లు, మిస్త్రీలు, టైర్లవాళ్లు, వీళ్లందరికీ టీ పోసేవాళ్లు అన్న వరుసలో ఊరి జనాభాను చాలావరకు వర్గీకరించవచ్చు. ఇటువంటి చోట పాత లారీ కొనడం ఒక వ్యవహారం కాదు, ఒక విద్య. కొనేవాడు ఒంటరిగా వెళ్లడు. వెంట ఒక మిస్త్రీ, ఒక ముసలి డ్రైవరు, ఏ కారణమూ లేకుండా వచ్చిన మరొక మనిషి ఉంటారు. వెళ్లగానే ఎవరూ లారీ వైపు చూడరు, ఎందుకంటే చూస్తే నచ్చిందనుకునే ప్రమాదం ఉంది. టీ తాగుతారు, వానల గురించి మాట్లాడతారు. ఆ తరువాత మిస్త్రీ లేచి, ఇతర పని మీద అటు వెళ్తున్నట్టుగా వెళ్లి, ఇంజను మీద అరచెయ్యి ఆనిస్తాడు. అది గోరువెచ్చగా ఉందంటే వీళ్లు రాకముందే యజమాని ఒకసారి స్టార్టు చేసి ఉంచాడన్నమాట; వేడెక్కిన ఇంజను ఎంత అరిగినదైనా తియ్యగా అందుకుంటుంది కనుక, ఆ ఒక్క వెచ్చదనానికే ధరలో కొన్ని వేలు తెగుతాయి.

తరువాత గోనెసంచి పరుచుకుని లారీ కిందికి దూరతాడు. ఛాసిస్, అంటే ఇంజనునూ తొట్టినీ మోసే ఇనుప చట్రం, ఎక్కడైనా విరిగి అతుకు పడిందేమోనని కంటితో కాక వేళ్లతో తడుముతాడు, ఎందుకంటే కొత్త రంగు కంటిని మోసగించగలదు కాని గోటిని మోసగించలేదు. కమాను కట్టల్లో, అనగా ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగుల్లో, కుడివైపు ఎన్ని పట్టీలున్నాయో ఎడమవైపూ అన్నే ఉన్నాయా అని లెక్కిస్తాడు. ఇంజను నడుస్తుండగా ఆయిలు మూత తీసి, ఆ రంధ్రం మీద అరచెయ్యి పెట్టి, లోపలి నుంచి కొట్టే గాలిని బట్టి బోరు ఎంత అరిగిందో చెబుతాడు. పొగ నల్లగా వస్తే డీజిలు సరిగా కాలడం లేదని, నీలంగా వస్తే ఆయిలు కాలిపోతున్నదని తీర్పు ఇస్తాడు. ఫిట్‌నెస్, పర్మిట్, పన్ను, ఇన్సూరెన్సు, ఫైనాన్సు బాకీ తీరినట్టు కాగితం, ఇవన్నీ ముసలి డ్రైవరు వెలుతురుకు ఎత్తిపట్టి చదువుతాడు. ఇంతా అయ్యాక కూడా నమ్మకం కుదరదు; బండిని పాచిపెంట మీదుగా పి.కోనవలస చెక్‌పోస్టు దాటించి, ఒకప్పుడు 43గా ఉండి తరువాత 26గా మారిన జాతీయ రహదారి మీద సుంకి ఘాట్ ఎక్కించి చూస్తారు, ఎందుకంటే మైదానంలో ఏ లారీ అయినా బుద్ధిగానే నడుస్తుంది, దాని నిజస్వభావం మూడో మలుపులో బయటపడుతుంది. గేరుపెట్టె చప్పుడు గురించీ, రీట్రెడ్ టైరును పక్కనుంచి చూసి గుర్తుపట్టే పద్ధతి గురించీ మరో నాలుగు పుటలు రాయవచ్చు, రాయాలనే ఉంది. కాని మంచం వరండాలో వేచి ఉన్నది.

ఇంత పరీక్ష చేయించే మనిషే రాత్రి భోజనం చేసి, ఫోన్‌లో దుప్పటి కప్పిన మంచం ఫోటో చూసి, అమ్మేవారి వాట్సాప్ బొమ్మలో సింహాచలం మెట్ల మీద కుటుంబం నిలబడి ఉండడం గమనించి, దేవుణ్ణి నమ్మేవారు టేకు విషయంలో అబద్ధమాడరన్న నిర్ణయానికి వచ్చి, డబ్బంతా ముందే పంపించేస్తాడు.

పాత సామాను వ్యాపారం మీద అర్థశాస్త్రంలో ప్రసిద్ధమైన సిద్ధాంతం ఒకటి ఉంది. అమెరికా ఆర్థికవేత్త జార్జ్ ఏకర్లాఫ్ 1970లో పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకుని, వస్తువులోని లోపం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు, కాబట్టి కొనేవాడు అన్నిటికీ తక్కువ ధరే ఇవ్వజూపుతాడు, దానితో మంచి వస్తువులు బజారు విడిచిపోయి చెత్త మిగులుతుంది అని నిరూపించారు. పత్రికలు మొదట తిప్పికొట్టిన ఆ వ్యాసమే ఆయనకు 2001లో నోబెల్ బహుమతి తెచ్చిపెట్టిన కృషికి పునాది. సిద్ధాంతం గొప్పదే కాని సాలూరుకు పూర్తిగా వర్తించదు. ఇక్కడి పాత లారీ విషయంలో అమ్మేవాడికి తెలిసినదంతా కొనేవాడికీ తెలుసు, ఒక్కొక్కప్పుడు కొంత ఎక్కువే తెలుసు. ఇక మంచం విషయానికి వస్తే కొనేవాడికి ఏమీ తెలియదు సరే, అమ్మేవాడికీ ఏమీ తెలియదు. ఈ రెండవ స్థితిని ఏకర్లాఫ్ ముఖ్యంగా పట్టించుకున్నట్టు కనబడదు.

చట్టం మాత్రం పట్టించుకున్నది, ఒక మేరకు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 15వ సెక్షను ప్రకారం, వర్ణనను బట్టి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోయి తీరాలి. టేకు అని రాస్తే టేకే రావాలి. మంచి టేకు రావాలని కాదు. నాణ్యత గురించి కొనేవాడే జాగ్రత్తపడాలన్న పాత సూత్రాన్ని, కొన్ని మినహాయింపులతో, 16వ సెక్షను కాపాడుతూనే ఉంది. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాలు ఇంకా ఉదారమైనవి: ప్రకటించిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోవడానికి గాని, సొమ్ము తిరిగి ఇవ్వడానికి గాని అమ్మకందారు నిరాకరించకూడదు, వేదికవారి ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందిందని తెలిపి, నెలలోగా పరిష్కరించాలి. ఇంతవరకు చదివిన బాధితుడి ముఖం వికసిస్తుంది. తరువాతి వాక్యం చదవకుండా ఉంటే ఆ వికాసం నిలిచేది. వృత్తిగా, క్రమం తప్పని వ్యాపారంగా కాక, వ్యక్తిగత హోదాలో ఏదో అమ్ముకునే మామూలు మనిషికి ఆ నియమాలు వర్తించవని వాటిలోనే ఉంది. బదిలీ మీద వెళ్లే వ్యక్తికన్నా వ్యక్తిగతమైన హోదా మరెవరికి ఉంటుంది? వేదికవారు తమది గోడ మాత్రమేననీ, గోడ మీద ఎవరేం అంటించినా గోడకు సంబంధం లేదనీ అంటారు.

ఫోన్ నంబర్లు కూడా గుర్తు పెట్టుకోవలసినవే. డబ్బు పుచ్చుకుని మంచమే పంపకపోతే సైబర్ మోసాల ఫిర్యాదుకు 1930. మంచం వచ్చి అది ఇలా ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. విక్రయ చట్టం పుట్టిన సంవత్సరమూ 1930 కావడం వల్ల, ‘మీకు 1930 ప్రకారం హక్కు ఉంది’ అని వకీలు చెప్పగానే వెంటనే ఫోన్ అందుకునేవారిని తప్పుపట్టలేం. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కొన్నవారు తాము ఉంటున్న చోటి నుంచే ఫిర్యాదు చేయవచ్చు, 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి రుసుము కూడా లేదు. రెండేళ్లలోపు చేస్తే చాలు. అమ్మినవారు వ్యాపారి అయితే ఇది మంచి మార్గం. కాకపోతే సివిల్ కోర్టులో దావా, వాయిదాలు, 6,500 రూపాయల మంచానికి అంతకు మించిన వకీలు ఫీజు.

ఈలోగా అమ్మినవారితో సంభాషణ ఒక క్రమంలో క్షీణిస్తుంది. మొదట ‘అయ్యో, అలాగా బాబూ, కనుక్కుని చెప్తాను’ అంటారు. తరువాత ‘మాకు టేకనే ఇచ్చారండీ’ అంటారు. ఆ పైన ‘ఫోటో చూసుకునే కదండీ తీసుకున్నారు’ అన్న వాక్యం వస్తుంది. చివరకు సింహాచలం మెట్ల మీది కుటుంబం మాయమై, ఆ స్థానంలో బూడిదరంగు గుండ్రం మిగులుతుంది. దీనికన్నా చురుకైనవారు వాపసు ఇస్తామంటూ ఒక క్యూఆర్ కోడ్ పంపి, దాన్ని స్కాన్ చేసి పిన్ కొట్టమంటారు. డబ్బు పుచ్చుకోవడానికి పిన్ అక్కరలేదన్న సంగతి అప్పుడు గుర్తు రాకపోతే మంచం రెండోసారి కొన్నట్టవుతుంది. మరికొందరు నిజాయితీగానే ‘మంచం వెనక్కి పంపండి, డబ్బులు వేసేస్తాం’ అంటారు. ఇది న్యాయంగా వినిపిస్తుంది, పార్సిల్ ఆఫీసు దాకా వెళ్లనంతవరకు. వచ్చేటప్పటి కిరాయి సాలూరులోనే కట్టి విడిపించుకున్నది; పోయేటప్పటిది ముందుగా కట్టాలి; రెండు చోట్లా కళాసీలకు ఇవ్వాలి. విప్పి చూడకముందే ‘సరుకు మంచి స్థితిలో అందినది’ అన్న కాగితం మీద సంతకం పెట్టించుకునే ఆచారం ఒకటి ఉంది, దానికి ఏ సెక్షను మందో ఇంకా తేలలేదు.

ఆశ్చర్యమేమిటంటే, మంచం వెనక్కి పంపవలసిన బాధ్యత చట్టం ప్రకారం కొన్నవారిది కాదు. 43వ సెక్షను ప్రకారం, తిరస్కరించే హక్కు ఉన్నవారు ‘నాకు వద్దు’ అని తెలియజేస్తే చాలు, తిరిగి చేర్చనక్కరలేదు. దానికి ముందున్న 42వ సెక్షను మాత్రం ఒక మెలిక పెట్టింది: వస్తువు అందాక, అమ్మినవారి యాజమాన్యానికి విరుద్ధమైన పని ఏదైనా చేస్తే దాన్ని అంగీకరించినట్టే. కనుక వరండాలో అడ్డంగా ఉన్న ఆ మంచం ఇంటివారిది కాదు, అయినా ఇంటివారి వరండాలోనే ఉంటుంది. దాని మీద పడుకోకూడదు. ఒడియాలు ఎండబెట్టడం అంగీకారం కిందికి వస్తుందా రాదా అన్నది న్యాయనిపుణులు ఆలోచించవలసిన విషయం. మధ్యాహ్నం ఇంటి పెద్దాయన అలవాటు కొద్దీ నడుము వాల్చబోతే, లోపలి నుంచి ‘బాబూ, సెక్షను!’ అని కేక వస్తుంది.

దొరికినవారినల్లా దొంగలనడం తేలిక. నిజానికి ఇలాంటి అమ్మకాల్లో కొన్నింట అబద్ధమాడినవారే ఉండరు. తండ్రి దినవారాలు ముగిశాక, మిగిలిన రెండు రోజుల సెలవులో ఇల్లు ఖాళీ చేసి హైదరాబాదుకో బెంగళూరుకో తిరిగి వెళ్లవలసిన పిల్లలు, గది నడుమ ఉన్న మంచాన్ని ఫోటో తీసి, నాన్న పడుకున్న మంచం టేకు కాక మరేమవుతుందన్న నమ్మకంతో టేకు అని రాస్తారు. అసలు టేకు మంచం ఏ అవసరానికో ఎప్పుడో అమ్ముడుపోయిందనీ, దాని చోటులో వాయిదాల మీద కొన్న మరో మంచం చేరిందనీ తెలిసిన మనిషి ఒక్కరే, ఆ మనిషి ఆ సంగతి ఎవరితోనూ చెప్పలేదు. పిల్లలు పండుగలకు వచ్చినప్పుడు మంచం మీద కూర్చున్నారు, లేచి వెళ్లారు. పట్టెను ఎవరూ తట్టి చూడలేదు. లారీని తడిమి చూసినంత శ్రద్ధగా ఇంట్లో దేన్ని చూశారని అడిగితే జవాబు చెప్పగలిగేవారు, సాలూరులోనే కాదు, ఎక్కడా ఎక్కువమంది ఉండరు. అటువంటివారికి ‘మీది టేకు కాదు’ అని ఫోన్ చేసి చెప్పవలసి రావడం, 6,500 రూపాయల విలువకు మించిన పని.

కనుక వ్యవహారం తరచుగా మధ్యలోనే తెగుతుంది: అమ్మినవారు సగం సొమ్ము వెనక్కి వేస్తారు, కొన్నవారు కిరాయి, కూలి తామే మింగి ఊరుకుంటారు. తరువాత వడ్రంగి వచ్చి, పట్టెలను తట్టి, నవ్వాపుకుని, వాటిని తీసేసి మద్దిచెక్క పట్టెలు వేస్తానంటాడు. అతడు మొదటి మర విప్పిన క్షణం నుంచి 42వ సెక్షను ప్రకారం ఆ మంచం కొన్నవారిదే; ఇక మీద ధరలో తేడా మాత్రమే అడగవచ్చు తప్ప, మొత్తం సొమ్ము అడిగే హక్కు పోతుంది. ఈ సంగతి వడ్రంగికి ముందే చెప్పి, లిఖితపూర్వకంగా మరొక తిరస్కరణ నోటీసు పంపేదాకా ఆగమంటే, అతడు ఆ రోజు కూలి మాత్రం తీసుకుని వెళ్తాడు.