సెటిల్మెంట్ మావయ్య

మా ఖరగ్‌పూర్ ఖరిదాలో రైల్వే ఉద్యోగికి యాభై ఎనిమిది నిండేసరికి రెండు పట్టుకుంటాయి. ఒకటి షుగరు, రెండోది సెటిల్మెంట్ మావయ్య. షుగరుకి మందుంది.

ఆయన ఎవరికి మావయ్యో ఎవరికీ తెలీదు. అరవై దాటినవాళ్ళూ మావా అనే పిలుస్తారు, ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళూ మావా అనే పిలుస్తారు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి 2009లో రిటైరై దిగిపోయాడు. అసలు ఉద్యోగం ఆ తర్వాతే మొదలైంది. జీతం లేదు, సెలవు లేదు, పైన ఆఫీసరు లేడు. అందుకే ఇంత శ్రద్ధగా చేస్తున్నాడని ఆయన భార్య అంటుంది.

దారిలో మనిషి కనబడితే ఆరోగ్యం అడగడు, పిల్లల చదువులు అడగడు. "ఎప్పుడు?" అంటాడు, అంతే. ఏది ఎప్పుడు అని ఎదురడిగినవాడు ఇంతవరకూ లేడు.

"మార్చి ఆఖరికి, మావా."

"మార్చేటి? నువ్వు పుట్టింది ఒకటో తారీకు కదేటి! ఒకటో తారీకోళ్ళు ముందు నెలాఖరుకే దిగాల. ఫిబ్రవరితో సరి. నెల జీతం పోయింది. మీ అమ్మ ఒక్కరోజు ఆగుంటే బావుండును."

పాపం, ఆ తల్లి తప్పేమీ లేదు. శ్రీకాకుళం పక్క పల్లెల్లో ఆ రోజుల్లో పుట్టిన తేదీ పెట్టేది తల్లి కాదు, బళ్ళో వేసుకున్న మేష్టారు. ఆయన చేతికి ఏ తేదీ వస్తే ఆ తేదీన పుట్టేవాళ్ళం. ఆ మేష్టారి పెన్నుపోటుకి అరవయ్యో ఏట నెల జీతం పోతుందని ఎవరు కలగన్నారు?

మావయ్యకి ఈ ఊళ్ళో ఇంత గిరాకీ ఎందుకో బయటివాళ్ళకి అంత తొందరగా అర్థం కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో మా తాతలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పక్కల నించి వచ్చి ఇక్కడ ఇనుము పట్టుకున్నారు. తరాలు గడిచాయి. ఇంట్లో తెలుగు, వర్క్‌షాపులో హిందీ, బజార్లో బెంగాలీ. పెన్షను ఫారం మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. ముప్పై అయిదేళ్ళు వ్యాగన్ల కింద దూరి పనిచేసినవాడికి నామినేషను ఫారం ముందు చెయ్యి వణుకుతుంది. అప్పుడు ఉత్తరాంధ్ర యాసలో, ఉచితంగా, టీ ఖర్చు కూడా తనే పెట్టుకుని, విసుగు లేకుండా చెప్పే మనిషి దొరికితే దేవుడు కాక మరేమిటి? వెల్ఫేర్ ఇన్‌స్పెక్టరున్నాడు, యూనియన్ ఆఫీసుంది, పెన్షన్ అదాలత్ ఉంది. వాళ్ళెవరూ ఖరిదా గేటు దగ్గర టీ బల్ల మీద పొద్దున్న ఆరింటికి దొరకరు.

పైగా ఈ పెన్షన్ సలహా ఆయనకి తండ్రి నించి వచ్చిన ఆస్తి. అంటే తండ్రి మోసపోయాడు, అదీ ఆస్తి. రైల్వేలో పెన్షన్ పథకం వచ్చింది 1957 నవంబరులో. అంతకుముందు ప్రావిడెంటు ఫండే గతి. అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్ళని ఏది కావాలో కోరుకోమన్నారు. మావయ్య తండ్రి టీ కొట్టు దగ్గర ఒక పెద్దమనిషిని అడిగితే, "నెలనెలా భిక్షం దేనికి, మొత్తం ఒక్కసారే పుచ్చుకో" అన్నాడట. ఆయన పుచ్చుకున్నాడు. ఊళ్ళో ఎకరం పొలం, ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు, అయిపోయింది. ఆ తర్వాత పధ్నాలుగేళ్ళు కొడుకు జీతం మీదే బతికాడు. సలహా ఇచ్చిన పెద్దమనిషి మాత్రం తనకి పెన్షనే రాయించుకున్నాడు. ఈ కథ చెప్పాక మావయ్య ఒక నిమిషం గేటు వంక చూస్తాడు. తర్వాత సంచీ విప్పుతాడు.

ఆ సంచీ గురించి చెప్పాలి. నల్ల రెక్సిను సంచి, జిప్పు పోతే పిన్నీసులు పెట్టాడు. అందులో లామినేషను చేసిన తన పి.పి.ఓ. (పెన్షన్ ఆర్డరు) జిరాక్సు, భూతద్దం, గమ్ము సీసా, రబ్బరు బ్యాండు వేసిన పాసుబుక్కులు, ఇంకా ఊళ్ళో సగంమంది మొగుడూపెళ్ళాల జాయింటు ఫోటోలు. పెన్షను కాగితాలకి భార్యాభర్తలు కలిసి దిగిన ఫోటో కావాలి. ఖరిదాలో చాలా జంటలకి పెళ్ళి తర్వాత పక్కపక్కన కూచుని దిగిన ఫోటో ఇదొక్కటే. ఇద్దరూ కెమెరా వంక కోపంగా చూస్తుంటారు. మిగిలిన కాపీలు మావయ్య దగ్గరే ఉండిపోతాయి. ఎప్పుడైనా పనికొస్తాయంటాడు. పరాయివాళ్ళ భార్యల ఫోటోలు సంచీలో పెట్టుకు తిరగడానికి ఈ ఊళ్ళో లైసెన్సు ఉన్నది ఆయనొక్కడికే.

కాగితాల దగ్గర ఆయనకి సాటి లేరు, ఒప్పుకోవాలి. మొన్నామధ్య నీంపురా నించి ఒకాయన వచ్చాడు. ఇంకా ఏడాదిన్నర ఉంది. మావయ్య కాగితాలన్నీ బల్ల మీద పేకముక్కల్లా పరిచాడు. సర్వీసు రికార్డులో భార్య పేరు లక్ష్మి. ఆధార్‌లో లక్ష్మమ్మ, ముందు ఇంటిపేరు. ఓటరు కార్డులో బెంగాలీ గుమాస్తా తన నోటికి వచ్చినట్టు రాసుకుని లఖీ దేవి చేశాడు. బ్యాంకు పాసుబుక్కులో ఇంటిపేరు చివరికి పోయింది.

భూతద్దం తీసి ఒక్కొక్కటీ చూశాడు. "నీకు పెళ్ళాలెంతమంది రా?"

"అదేటి మావా! ఒక్కర్తే."

"గవర్నమెంటు లెక్కలో ముగ్గురు. నువ్వు పోతే ఫ్యామిలీ పెన్షను ఎవరికివ్వాల? ముగ్గురికీ ఇవ్వరు. ఒక్కదానికీ ఇవ్వరు. ఇప్పుడే అఫిడవిట్ రాయించు, ఆధార్ మార్పించు. నువ్వు బతికుండగా సంతకం పెడితే అరగంట పని. నువ్వు పోయాక ఆ పిల్ల మూడేళ్ళు తిరగాల."

యాభై ఆరేళ్ళ ఆవిడని ఆ పిల్ల అన్నందుకు నీంపురా ఆయన కొంచెం నొచ్చుకున్నాడు గాని, మర్నాడే నోటరీ దగ్గరికి వెళ్ళాడు. ఇలా ఎంతమంది ఆడవాళ్ళు ఈ మనిషి పుణ్యాన ఆఫీసుల చుట్టూ తిరగకుండా తప్పించుకున్నారో ఎవరూ లెక్క రాయలేదు. నేనైతే ఆయన మిగతా పాపాలన్నీ దీని కింద కొట్టేస్తాను.

క్వార్టరు విషయంలోనూ అంతే ఖచ్చితం. "క్వార్టరు ఖాళీ చెయ్యకుండా గ్రాట్యుటీ చేతికి రాదు. గడువు దాటి ఉంటే నెలకో సెట్టు పాసు కోస్తారు. పాసుల్లేకుండా ఊరెలా ఎల్తావు, టికెట్టు కొనుక్కునా?" రైల్వేవాడికి టికెట్టు కొనుక్కోవడం కంటే అవమానం లేదు. మనిషి ఆ వారమే మాలంచ రోడ్డు పక్కన అద్దె ఇల్లు వెతుక్కుంటాడు.

ఇక కమ్యూటేషన్. అదొక్కటీ ఉదయం టీతో మొదలైతే వర్క్‌షాపు మధ్యాహ్నం సైరన్ దాకా నడుస్తుంది. పెన్షనులో నలభై శాతం దాకా ప్రభుత్వానికి అమ్ముకోవచ్చు, పదిహేనేళ్ళ తర్వాత మళ్ళీ పూర్తి పెన్షను వస్తుంది. మావయ్య బీడీ కట్ట కాగితం మీద లెక్క వేస్తాడు. మూల పెన్షను 25,000 అనుకో. నలభై శాతం, 10,000. దాన్ని పన్నెండుతో, తర్వాత 8.194తో గుణించు. 9,83,280. ఆ 8.194ని ఆయన మంత్రంలా పలుకుతాడు. ఆ అంకె ఎక్కణ్ణించి వచ్చిందని అడిగితే, "అరవయ్యొకటో ఏటికి టేబుల్లో అదే ఉంది" అంటాడు. దశాంశ స్థానాలు ఎన్ని ఉంటే అంత నిజమని ఆయన నమ్మకం.

చిక్కు ఏమిటంటే ఈ లెక్కతో ఆయన ఏ వైపైనా వాదిస్తాడు. సోమవారం వచ్చినవాడితో, "వాడు నీకిచ్చేది పది లక్షల లోపు. నీ దగ్గర కోసేది నెలకి పది వేలు, పదిహేనేళ్ళకి పద్దెనిమిది లక్షలు. నీకేటైనా మతిపోయిందా?" మంగళవారం వచ్చినవాడితో, "చేతికొచ్చిన తొమ్మిది లక్షల ఎనభై మూడు వేలకి పన్ను లేదు. డి.ఏ. కోసిన పెన్షను మీద కాదు, పూర్తి పెన్షను మీదే లెక్క కడతారు. నువ్వు మధ్యలో పోయినా నీ పెళ్ళాం పెన్షనులో పైసా తగ్గదు. అమ్ముకోకపోతే నీకు మతిపోయినట్టే." రెండూ నిజాలే. సోమవారం వాడూ మంగళవారం వాడూ ఒకే సెక్షనులో పనిచేస్తారు, అక్కడొచ్చింది గొడవ. తానేం చేశాడని నిలదీస్తే, నలభై శాతమూ అమ్ముకున్నానని ఒప్పుకున్నాడు. 2024లో పదిహేనేళ్ళు నిండి పూర్తి పెన్షను తిరిగొచ్చిన నెల గేటు దగ్గర అందరికీ టీ, సింగాడా పెట్టించాడు. ఆడపిల్ల కాపురం నిలబడ్డంత సంబరం.

ఇంతవరకూ బాగానే ఉంది. డబ్బు చేతికొచ్చాక దాన్నేం చెయ్యాలో కూడా మావయ్యే చెబుతానంటాడు, అక్కడ తేడా వస్తుంది. పదహారున్నర నెలల దాకా గ్రాట్యుటీ, మూడొందల రోజుల దాకా సెలవు డబ్బు, పి.ఎఫ్., కమ్యూటేషను అన్నీ కలిసి ఒక్క నెలలో ఖాతాలో పడతాయి. జీవితమంతా నెలాఖరుకి ఎదురుచూసినవాడు ఒక్కసారిగా లక్షాధికారి అవుతాడు. ఆ వారమే దూరపు చుట్టాలు దగ్గరవుతారు. ఇంక పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పథకం ఉంది: ముప్పై లక్షల దాకా వేసుకోవచ్చు, వడ్డీ ఈమధ్య 8.2 శాతం, మూడు నెలలకోసారి ఇస్తారు. ముప్పై లక్షలూ వేస్తే మూడు నెలలకి 61,500. ఎవరైనా ఈ సంగతి ఎత్తితే మావయ్య మొహం చిట్లించుకుంటాడు.

"నూటికి నెలకెంత పడింది? డెబ్బై పైసలు కూడా పడలేదు! మా ఊళ్ళో నూటికి రెండ్రూపాయలకి ఇస్తే ధర్మవడ్డీ అంటారు."

ఊళ్ళో రెండు రూపాయల వడ్డీకి ఇచ్చినవాడు అసలు వెనక్కి తెచ్చుకున్న కథ మాత్రం చెప్పడు. తనదే ఒకటుంది, అది గుచ్చి గుచ్చి అడిగితేగాని బయటికి రాదు. 2013 ఏప్రిల్‌లో జనం దగ్గర డిపాజిట్లు తీసుకున్న శారదా కంపెనీ కూలినప్పుడు బెంగాల్ అంతా గగ్గోలయింది. ఆ తర్వాత రోజ్ వ్యాలీ. అటు మన ఊళ్ళల్లో చుట్టాలు అగ్రిగోల్డ్ అని గుండెలు బాదుకున్నారు. అన్నిచోట్లా ఏజెంటు పరాయివాడు కాదు, పక్కింటివాడే, పూజ చందా పుస్తకం పట్టుకొచ్చేవాడే. మావయ్య గ్రాట్యుటీలో కొంత ఏదో కంపెనీలో పోయింది. పేరు చెప్పడు. ఆ సర్టిఫికెట్టు సంచీ అడుగున అట్టముక్కకీ అట్టముక్కకీ మధ్య ఉంది. దాన్ని కూడా లామినేషను చేయించాడు.

అయినా సలహా ఆగదు. ఐ.ఐ.టి. వైపు స్థలం కొనమంటాడు, వద్దు విజయనగరంలో కొనమంటాడు, చీటీ పాడమంటాడు. విన్నవాళ్ళు తలూపుతారు. కాగితాల విషయంలో ఒక్క తప్పూ చెయ్యని మనిషి డబ్బు విషయంలో ఎందుకు తప్పు చెబుతాడని వాళ్ళ నమ్మకం. మావాళ్ళు డాక్టరు ఇల్లు కట్టడం గురించి చెప్పినా వింటారు, అదే జబ్బు.

కొత్త తరం ఆయనకి లొంగడం లేదు. 2004 జనవరి నించి చేరినవాళ్ళకి పాత పెన్షను లేదు, ఎన్.పి.ఎస్. జీతంలో పది శాతం కోసి మార్కెట్టులో వేస్తారు. చివర్న అరవై శాతం దాకా చేతికి, మిగతాదానితో నెలనెలా వచ్చే ఏర్పాటు. 2025 ఏప్రిల్ నించి ఏకీకృత పెన్షన్ పథకమని ఇంకోటి వచ్చింది. పాతికేళ్ళు నిండితే ఆఖరి పన్నెండు నెలల సగటు మూలవేతనంలో సగం ఇస్తామన్నారు. ఏది కావాలో కోరుకోమన్నారు. ట్రాక్‌మన్ కుర్రాడొకడు ఫోను తెరిచి గ్రాఫు చూపించి, "మావా, ఇందులో ఉండిపోనా, అందులోకి పోనా?" అని అడిగాడు. మావయ్య భూతద్దం పెట్టి ఆ గీత వంక చాలాసేపు చూశాడు. అరవై ఎనిమిదేళ్ళ కిందట తండ్రికి పెట్టిన ప్రశ్నే మళ్ళీ టీ బల్ల మీదికి వచ్చిందని ఆయనకి తెలిసినట్టే ఉంది. "ఆఫీసులో రాతపూర్వకంగా అడుగు. టీ కొట్టు దగ్గర అడక్కు" అన్నాడు. నేను విన్నంతలో ఆయన డబ్బు గురించి ఇచ్చిన మంచి సలహా అదొక్కటే.

నవంబరు వస్తే మాత్రం మళ్ళీ ఆయనదే రాజ్యం. బతికున్నట్టు రుజువు చూపించాలి కదా. ముప్పై ఏళ్ళు ఆకురాయి పట్టిన వేళ్ళకి గీతలుండవు, మిషను వేలిముద్ర పట్టదు. ఇప్పుడు ఫోనులో మొహం చూపిస్తే సరిపోతుంది, అది మనవడి చేత చేయించి వరసలో నిలబెట్టి అందరినీ బతికిస్తాడు. బతికించి ఊరుకోడు. "ఎనభై నిండితే పెన్షను మీద ఇరవై శాతం ఎక్కువ. ఎనభై అయిదుకి ముప్పై, తొంభైకి నలభై, తొంభై అయిదుకి యాభై, నూరు నిండితే నూటికి నూరు! గవర్నమెంటు ఇస్తానంటంది, బతకడానికి మనకేటి నొప్పి?" ఆయనకి ఎనభై నిండేది 2029లో. డైరీలో ఆ పేజీకి ఇప్పట్నించే రబ్బరు బ్యాండు వేసి ఉంచాడు.

మీవాళ్ళెవరైనా ఖరిదాలో దిగబోతుంటే రెండేళ్ళ ముందే ఆయన దగ్గరికి పంపండి. సర్వీసు రికార్డు, ఆధార్, నామినేషను, జాయింటు ఫోటో, అన్నీ చూపించమనండి. చెక్కుబుక్కు మాత్రం ఇంట్లో పెట్టి వెళ్ళమనండి.