వారం రోజుల విడుదల

నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. కరీంనగర్ అయినా ఆదిలాబాద్ అయినా అదే వరస: ముగ్గులు, వ్యాసరచన, శాలువాలు, ఫొటోలు. ఏడాదంతా బీరువాలో తాళం వెనకున్న సినారె, సామల సదాశివ ఆ వారం బల్ల మీదికొచ్చి గాలి పీల్చుకుంటారు. ముట్టుకోవద్దు సుమా, లెక్క తప్పుతుంది! పొద్దున్నించి గ్రూప్స్ పుస్తకం ముందేసుకున్న నిరుద్యోగి లేచి అతిథికి కుర్చీ ఇవ్వాలి. పఠనం గొప్పతనం మీద ఆయన గంట మాట్లాడాలి కదా. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు మనం కడుతూనే ఉన్నాం, అది మున్సిపాలిటీ గడప దాటడానికే ముహూర్తం కుదరదు. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన గోండి రాతప్రతుల్ని ప్రదర్శనలో పెట్టరాదా అంటే జవాబు సిద్ధం: "అవెవరు చూస్తరు సార్? ముగ్గులైతే జనమొస్తరు!"