ఇక్కడ మేలురకం సమస్యలు లభించును

పేదరికం పొద్దుటి ఎండ తగిలిన మంచులా మాయమైపోతుందట. ముంబైలో టైకాన్ అనే వ్యాపారవేత్తల సభలో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు సెలవిచ్చారు. ఉచితాలిచ్చి పేదరికం పోగొట్టుకున్న దేశం లేదు, కొత్త ఆలోచనలతో కంపెనీలు పెట్టేవాళ్లు పుట్టుకొస్తే చాలు అన్నారు. మీరంతా చదివే ఉంటారు. చదవకపోయినా ఈపాటికి మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు రెండు దండాల బొమ్మలు తగిలించి మరీ పంపి ఉంటారు.

ఆ మాట విన్నప్పట్నుంచీ నాకు దిగులు పట్టుకుంది. పేదరికం గురించి కాదు. దాని సంగతి అది చూసుకోగలదు, ఇన్నేళ్లుగా చూసుకుంటూనే ఉంది. నా దిగులంతా పిల్లల గురించి. టొరంటో నుంచి ఒకరు, నైరోబీ నుంచి ఒకరు, మ్యూనిక్, సియోల్ నుంచి చెరొకరు, తోడుగా మన విజయవాడ కుర్రాడొకడు. మెడలో ట్యాగు, చంకలో ల్యాప్‌టాప్. సామాజిక సమస్యలను వ్యాపారంతో పరిష్కరించడానికి విమానం ఎక్కి వస్తారు. హల్ట్ ప్రైజ్ అని ఈ పిల్లలకు పెద్ద పోటీ ఉంది. గెలిచిన జట్టుకు 10 లక్షల డాలర్లు. మూర్తిగారు అన్నట్టు ఓ పొద్దున పేదరికం కాస్తా మాయమైపోతే వీళ్లంతా ఏం చేయాలి? ముడిసరుకు లేకపోతే ఏ పరిశ్రమ బతుకుతుంది?

అందుకని గుంటూరులో సమస్యల యార్డు పెట్టించాలని నా మనవి. మిర్చి యార్డు గోడ పక్కనే. జాగా ఉంది, కాటాలున్నాయి, దడవాయిలున్నారు, కమీషన్ ఏజెంట్లకు కొదవే లేదు. 2025లో మిర్చి ధర పడిపోయి రైతు గగ్గోలు పెడితే కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలని లెక్క కట్టింది. అదే రైతు మిర్చి టిక్కీలు ఇంట్లోనే వదిలేసి, వాటిని పండించడానికి చేసిన అప్పును ఆటోలో వేసుకొస్తే? అప్పు దిగుబడి ఏ ఏడూ తగ్గలేదు. దానికి తామర పురుగు పట్టదు. అకాల వర్షానికి ఇంకా ఏపుగా పెరుగుతుంది. రేటు పడితే దాచుకోవడానికి చుట్టూ కోల్డ్ స్టోరేజీలు ఉండనే ఉన్నాయి. అన్నట్టు మంచులో తడిసిన సరుకుకు మాత్రం తేమ కోత తప్పదు.

గ్రేడింగు మిర్చి లెక్కనే. డీలక్స్ అంటే ఎయిర్‌పోర్టు నుంచి రెండు గంటల్లో చేరే ఊరు, తాగునీటి కరువు, బిందెలతో బారులు తీరిన ఆడవాళ్లు, కెమెరా కనబడగానే నవ్వే పిల్లలు. సాయంత్రపు వెలుతురు సరిగ్గా పడితే క్వింటాలుకు వంద ఎక్కువ పలుకుతుంది. మీడియం బెస్ట్ అంటే బడిలో ఆడపిల్లలకు మరుగుదొడ్డి లేకపోవడం. ప్లాస్టిక్ చెత్త ఉత్త మీడియం, సరుకు పోటెత్తి రేటు నిలవడం లేదు. ఇక తాలు. కౌలు రైతుకు కార్డు ఇవ్వకపోవడం, కూలి డబ్బులు ఎగ్గొట్టడం, ఫలానా పేట వాళ్ల శవానికి శ్మశానం దారి లేకపోవడం. ఇది గుట్టలు గుట్టలుగా వస్తుంది, కొనే నాథుడుండడు. దీనికి యాప్ కుదరదు. పైగా ఫోటో తీస్తే వెనకాల ఎవరో ఒక తెలిసిన పెద్దమనిషి నిలబడి ఉంటాడు.

కొనేముందు సరుకు పట్టి చూడాలి కదా. దానికి ఈ పిల్లల శాస్త్రంలో ఎంపతీ ఇంటర్వ్యూ అని పేరు. నులక మంచం మీద కూర్చున్న ముసలమ్మ చుట్టూ అయిదుగురూ చేరతారు. మ్యూనిక్ అమ్మాయి అడుగుతుంది, విజయవాడ కుర్రాడు తెలుగులోకి దించుతాడు.

"మామ్మగారూ, కుళాయి వస్తుందా అండీ?"

"నాలుగు రోజులకోసారి వస్తది నాయనా."

"రాని రోజున మీకు ఎలా అనిపిస్తుంది?"

"రానట్టే అనిపిస్తది."

కుర్రాడు కాసేపు గొంతు సవరించుకుని, ఈమె లోపల చాలా సంఘర్షణ ఉందని ఇంగ్లీషులో చెబుతాడు. సియోల్ అబ్బాయి ఆ ముక్కను పసుపుపచ్చ కాగితం మీద రాసి గోడకు అంటిస్తాడు. సున్నం గోడ, కాగితం నిలవదు. రాలిన కాగితాలన్నీ మామ్మ ఏరి కొంగున కట్టుకుంటుంది, పొయ్యి రాజేసుకోవడానికి. ప్రాజెక్టు వల్ల ఆ ఇంటికి నికరంగా దక్కేది అదొక్కటే.

యార్డులో కొనడమన్నది పేరుకే, సరుకు అమ్మడం ఉండదు, కౌలుకు ఇవ్వడమే. వేసవి సెలవుల్లో ఎనిమిది వారాలు. తీసుకున్న సమస్యను తీసుకున్నట్టే అప్పగించాలి, అరిగితే నష్టపరిహారం కట్టాలి. మరి వచ్చే ఏటికి ఇంకో జట్టు అడ్వాన్సు ఇచ్చి ఉంటుంది కదా!

ఈ షరతు ఊరికే పెట్టలేదు. నల్లగొండలో ఏమైందో చూశాం. ఫ్లోరైడ్ అంటే బంగారం లాంటి సరుకు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లా పల్లెల్లో దాని సంగతి వైద్యులు 1937లోనే రాసిపెట్టారు. 1970ల్లో నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు పటిక, సున్నం కలిపి నీటిని శుద్ధి చేసే పద్ధతి కనిపెట్టి దానికి నల్లగొండ పేరే పెట్టారు. ఆ తర్వాత ఎన్ని ఫిల్టర్లు, ఎన్ని డెమోలు! ఇంకో వందేళ్లు హాయిగా నడవాల్సిన వ్యాపారం. ఇంతలో ప్రభుత్వం నది నీళ్లను పైపుల్లో ఊళ్లకు పంపింది. 2020 నాటికి తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు సున్నా అని కేంద్రమే లెక్క చెప్పింది. ఒక పిచ్ డెక్ లేదు, ఒక మెంటార్ లేడు. గట్టు మీద ట్యాంకు, భూమిలో పైపు. డీలక్స్ సరుకును ఇంత మోటుగానా చంపేది? అప్పటికే వంగిన ఎముకలు మాత్రం నిటారు కాలేదనుకోండి. వాటికి ఇంకా ఎవరూ పోటీ పెట్టినట్టు లేదు.

ఆఫ్రికా ఈ అంగట్లో మనకంటే సీనియర్. హార్వర్డ్ విద్యార్థినులు 2008లో క్లాసు ప్రాజెక్టుగా సాకెట్ అనే ఫుట్‌బాల్ తయారు చేశారు. అరగంట తన్నితే లోపల కరెంటు నిలవై మూడు గంటలపాటు చిన్న ఎల్ఈడీ దీపం వెలుగుతుందన్నారు. 2013లో ఒబామా టాంజానియా వెళ్లి ఆ బంతిని తలతో కొట్టి ఆడారు. ఎక్కడ ఆడారంటారు? దార్ ఎస్ సలామ్‌లోని ఉబుంగో విద్యుత్ కేంద్రంలో! వెనకాల అంత ప్లాంటు పెట్టుకుని కెమెరాలన్నీ బంతినే చూశాయి. ఆ బంతులు కొన్నాళ్లకే మొరాయించాయి.

దక్షిణాఫ్రికా ప్లేపంప్ విద్యార్థుల సరుకు కాదుగానీ అదే కొట్టుది. పిల్లలు రంగులరాట్నం తిప్పితే బోరు నీళ్లు ట్యాంకులోకి ఎక్కాలి. 2006లో లారా బుష్ సమక్షంలో 1 కోటి 64 లక్షల డాలర్లు ప్రకటించారు. అనుకున్నంతమందికి నీళ్లు అందాలంటే పిల్లలు రోజుకు 27 గంటలు ఆడాలని 2009లో గార్డియన్ పత్రిక లెక్క తేల్చింది. పాపం, వాళ్లకు మన కార్పొరేట్ కాలేజీ హాస్టళ్ల సంగతి తెలియదు. అక్కడ పెరిగిన పిల్లలైతే ఆ పై మూడు గంటలూ ఎక్కడో ఓచోట సర్దేవాళ్లు. పిల్లలు ఆడి అలిసిపోయాక రాట్నం తిప్పింది ఆ ఊళ్ల ఆడవాళ్లే.

మన సంగతికొస్తే, 2014లో హల్ట్ ప్రైజ్ గెలిచింది మన హైదరాబాద్ జట్టే. ఐఎస్‌బీ విద్యార్థుల నానోహెల్త్. న్యూయార్క్‌లో బిల్ క్లింటన్ ప్రకటించారు. ఆలోచన ఏమిటంటే, బస్తీలో ఉండే మనిషికే శిక్షణ ఇచ్చి, సంచిలో పరికరాలు పెట్టి, గడప గడపకూ పంపి బీపీ, షుగర్ చూడటం. మంచి ఆలోచన, ఆ పిల్లల మీద నాకే కోపమూ లేదు. అంత మంచి ఆలోచన కాబట్టే 2005లో మొదలైన పథకంలో ఆశా వర్కర్లు సంచి భుజాన వేసుకుని గడప గడపకూ తిరుగుతున్నారు. గర్భిణిని ఆసుపత్రికి తీసుకెళ్లేది వాళ్లే, టీకాలకు పిల్లల్ని పోగుచేసేది వాళ్లే, కరోనా రోజుల్లో మనం తలుపు సందులోంచి మాట్లాడి పంపేసింది వాళ్లనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అవార్డు ఇచ్చింది. ప్రభుత్వ కాగితాల్లో మాత్రం వాళ్లు నేటికీ ఉద్యోగులు కారు, స్వచ్ఛంద కార్యకర్తలు. అందే డబ్బు పేరు జీతం కాదు, పారితోషికం. ఎన్నికల్లో హామీ ఇచ్చిన నెలకు 18 వేలు ఇవ్వండని 2024 డిసెంబరులో హైదరాబాద్ కోఠికి వస్తే పోలీసులు ఈడ్చి వ్యాన్లెక్కించారు.

అదే సంచి, అదే గడప. వ్యాపారం అంటే న్యూయార్క్‌లో చప్పట్లు, జీతం అంటే కోఠిలో వ్యాను. ఈ దేశంలో పైపు పడకపోవడానికి, నర్సు పోస్టు ఖాళీగా ఉండటానికి, ఆశాకు జీతం రాకపోవడానికి ఆలోచనల కరువు ఏనాడూ కారణం కాదు. ఏం చేయాలో ఊళ్లో చదువురాని మామ్మకు కూడా తెలుసు. డబ్బు ఇవ్వడం ఇష్టం లేదు, అంతే. ఆ ఇష్టం లేనితనానికి ఇరవై ఏళ్ల పిల్లల ఉత్సాహాన్ని అడ్డం పెట్టుకుంటున్నారు. సముద్రాలు దాటి వచ్చిన పిల్లకి, పేదవాడికి తక్కువైంది నీ ఐడియానే అని అబద్ధం చెబుతున్నారు. ఆశా జీతం అడిగితే ఉచితాల మీద ఉపన్యాసం వినిపిస్తారు. ఉచితంగా ఇచ్చిందెవరు? ఇరవై ఏళ్లుగా తన కాళ్లను ఈ ప్రభుత్వాలకు కారుచౌకగా ఇచ్చింది ఆవిడే. పైలట్ పూర్తి చేసి, దేశమంతా విస్తరించి, ఫలితాలు చూపించిన జట్టు అది. నెల జీతం రావాలంటే ఇంకా ఎన్నో రౌండు గెలవాలి వాళ్లు?