తాళం వేయడం మరవకండి

డీఎస్సీ కొట్టి కొత్తగా బడిలో చేరిన అబ్బాయిలకూ అమ్మాయిలకూ, రిటైరైన హెడ్మాస్టరుగా నాలుగు మాటలు. టైంటేబుల్లో శనివారం ఆఖరి పీరియడు 'సంగీతం' అని చూడగానే మీకు కాళ్ళూ చేతులూ ఆడవు. కంగారు పడకండి. నాకూ సరిగమలు రావు. అయినా 22 ఏళ్ళు ఆ పీరియడు నడిపాను. పక్క క్లాసు నుంచి ఒక్క ఫిర్యాదు రాలేదు.

సంగీతం చెప్పే ముందు బడిలో అప్పటికే ఉన్న గోల సంగతి చూడాలి. రెండో తరగతి వాళ్ళు ఎక్కాలు చదవరు, రాగం తీస్తారు. ఎవరూ శ్రుతి ఇవ్వకపోయినా ముప్పై గొంతులు ఒక్కచోటే నిలబడతాయి, పదుల దగ్గర అందరూ కలిసి దిగుతారు. ఇది మొగ్గలోనే తుంచాలి. ఎక్కాలు మనసులో చదివించండి. నేను అలా మాన్పించాక క్లాసు క్లాసంతా ఏడో ఎక్కం మర్చిపోయిందనుకోండి, అది లెక్కల మాస్టారు చూసుకోవాల్సిన విషయం.

మధ్యాహ్న భోజనం దగ్గర ఇంకో బెడద. వరసలో నిలబడి కంచాల వీపున వేళ్ళతో దరువేస్తారు. సాంబారు ఆలస్యమయ్యేకొద్దీ నడక పెరుగుతుంది. కంచాలు తీసేసుకుని, అన్నం గిన్నె వచ్చాకే చేతికివ్వండి.

ఇక పాఠం. పురందరదాసు నాటి నుంచి మాయామాళవగౌళలో సరళీ వరసలతో మొదలుపెడుతున్నారు. స-రి దగ్గరగా, రి-గ ఎడంగా, గ-మ మళ్ళీ దగ్గరగా ఉంటాయనీ, పై సగం కూడా అచ్చం అలాగే నడుస్తుందనీ, అందుకే పసిచెవికి సులువుగా పడుతుందనీ చెబుతారు. చెవి పరీక్ష రాస్తుందా? 'మాయామాళవగౌళ 15వ మేళకర్త' అని పదిసార్లు రాయించండి. ఒత్తులు, దీర్ఘాలు దిద్దండి. ముందు ఒకటో కాలం, తర్వాత రెండో కాలం, ఆనక మూడో కాలం అన్నది తీరిగ్గా గురుకులంలో కూర్చున్నవాళ్ళ పద్ధతి. మనకున్నవి 40 నిమిషాలు. సరాసరి మూడో కాలంలో మొదలుపెడితే బెల్లు కొట్టేలోపు రెండు వరసలు ఎక్కువే అవుతాయి.

శ్రుతి మాత్రం మీ గొంతుకే పెట్టుకోండి. నాది ఒకటిన్నర. పిల్లల గొంతు సన్నం సార్, పైనెక్కడో పెడితేగానీ వాళ్ళకు అందదు అని ఒక సంగీతం టీచరమ్మ నాతో వాదించింది. పిల్లలు హెడ్మాస్టరు దగ్గరికి రావాలా, హెడ్మాస్టరే పిల్లల దగ్గరికి పోవాలా? నేను మంద్రంలో పంచమం పట్టి అందుకోమన్నాను. ముందు వరసలో ఒక పిల్ల గడ్డం గుండెలకు ఆనించి, కనుబొమలు పైకెత్తి, ఎండాకాలం బావిలోకి చేద వదిలినట్టు గొంతు దించుకుంటూ పోయింది. చేద నీళ్ళకు తగల్లేదు. ఉత్త గాలి వచ్చింది. రిజిస్టరులో 'స్వరజ్ఞానం లేదు' అని రాశాను. ఆ పిల్లే ఇంటర్వెల్లో తొక్కుడుబిళ్ళ ఆడుతూ, వేపచెట్టు మీది కాకులు లేచిపోయేంత పైన పాడుతోంది. ఇంటర్వెల్లో పాడినదానికి మార్కులు లేవు గనక రిజిస్టరు దిద్దలేదు.

తాళం దగ్గర జాగ్రత్త. ఆదితాళానికి ఎనిమిది లెక్కలు: ఒక దెబ్బ, మూడు వేళ్ళు, ఆపైన దెబ్బా తిప్పుడూ రెండుసార్లు. ఎవడి తొడ మీద వాడు వేసుకుంటే ఇబ్బంది లేదు, మగపిల్లలు పక్కవాడి తొడ మీద వేస్తారు. బోర్డు మీద '8' అని రాసి చూపిస్తే సరిపోతుంది.

సప్తస్వరాలు ఏ జీవి గొంతులోంచి వచ్చాయో కూడా చెప్పాలి. షడ్జమం నెమలి, రిషభం ఎద్దు, గాంధారం మేక, అలా ఏనుగు దాకా. బొమ్మలు గీయించండి, అరవనివ్వకండి. ఒకసారి నేను 'రిషభం' అనగానే వెనక బెంచీవాడు రంకె వేశాడు. రోడ్డు మీద పోతున్న నిజం ఎద్దు ఆగి మా కిటికీ వైపు చూసింది. వాణ్ణి బెంచీ ఎక్కించాను.

వాడి నాన్న డప్పు కొడతాడు. వాడికి సిర్ర ఏ చేత పట్టాలో, చిటికెన పుల్ల ఎక్కడ ఆనాలో అన్నీ తెలుసు. నిలబెట్టి సంగీత వాద్యాలు ఐదు చెప్పమంటే మొదటిదే డప్పన్నాడు. వీణ, వేణువు, మృదంగం, వయొలిన్, ఘటం అని దిద్దించాను. డప్పును మంట దగ్గర కాచి, చర్మం బిగిసిందో లేదో వేలితో కొట్టి చూసుకుంటారట. దాన్ని శ్రుతి చేయడం అంటారా సార్ అని అడిగాడు. బడిలో నిప్పు నిషేధం అన్నాను. ఇలాంటి ప్రశ్నలకు ఇలాంటి జవాబులు రెండు మూడు సిద్ధంగా ఉంచుకోండి.

ఆగస్టు 15కి బ్లూటూత్ స్పీకరు తెచ్చుకోండి. పాట అది పాడుతుంది, పిల్లలు పెదాలు కదుపుతారు. ఎంఈఓ గారు ఎప్పుడూ ముందు వరసలోనే కూర్చుంటారు గనక ముందు వరస కదిపితే చాలు.

చివరిగా హార్మోనియం. ఊరి దాత ఇచ్చినది కాబట్టి భద్రంగా బీరువాలో పెట్టి తాళం వేయండి. పిల్లలు ముట్టుకుంటే రీడ్లు పోతాయి. ముట్టుకోకపోయినా పోతాయనుకోండి, కానీ బాధ్యత మనది కాదు. రేడియోవాళ్ళే 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని స్టూడియో గడప తొక్కనివ్వలేదు. 31 ఏళ్ళు! నేను మూసిపెట్టింది 22 ఏళ్ళే. ఏటా స్టాకు రిజిస్టరులో 'హార్మోనియం 1, బాగున్నది' అని రాసి సంతకం పెట్టాను.

మొన్న ఇప్పటి హెడ్మాస్టరు ఫోన్ చేశాడు. ఎలుకలు తిత్తి మీద తిరుగుతున్నట్టున్నాయి సార్, ఇరుక్కుపోయిన మెట్టేదో బీరువాలోంచి గుయ్యిమంటోంది, పిల్లలు తలుపుకు చెవి ఆనించి ఆ గుయ్యికి గొంతు కలుపుతున్నారు, తాళంచెవి మీ దగ్గర గానీ ఉందా అని అడిగాడు.

వెతికి చూస్తానన్నాను.